జోడు పరుపు

దస్తగిరి స్ట్రెచర్ పట్టీలు కడుగుతూ కడుగుతూనే నిద్రపోయాడు. ఎండ బాగా ఎక్కింది. రక్షణ కేంద్రం వెనక రేకుల పందిరి కింద, గోరువెచ్చని నీళ్ళ తొట్టి ముందు పీట వేసుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల వాల్చేశాడు. చేతిలోని నైలాన్ పట్టీ జారి సబ్బు నీళ్ళలో మునిగింది.

తాళ్ళ గదికి వెళుతున్న ఓబులేసు అతణ్ణి చూసి ఆగాడు. ఆ కేంద్రానికి ఓబులేసే నాయకుడు. పెన్నకు ఎగువన ఎర్రగొంది అనే లోయ ఉంది. ఎర్రరాతి గోడలు నిట్టనిలువునా దిగిపోతాయి. అంచున నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్ళు, మేకల వెంట దిగేవాళ్ళు, తేనె కోసం వేలాడేవాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరు జారుతూనే ఉంటారు. తాడు మీద దిగి, పడ్డ మనిషిని స్ట్రెచర్‌లో కట్టి, పైకి లాగి తేవడం ఈ కేంద్రం పని. స్ట్రెచర్ పక్కనే తానూ తాడుకు వేలాడుతూ, కాళ్ళతో గోడను తన్నుకుంటూ, అది రాతికి కొట్టుకోకుండా కాచుకుంటూ పైకొచ్చే మనిషి దస్తగిరి.

ఓబులేసు అతణ్ణి లేపలేదు. వంగి స్ట్రెచర్ చూశాడు. అది రెండు సగాలుగా విడిపోయే ఇనుపచట్రం బుట్ట. దాన్ని విడదీసి వీపున మోసుకెళ్ళి, లోయ అంచున మళ్ళీ కలిపి, నాలుగు మూలలా మేకులు దిగేస్తారు. కడిగి, కలిపి, గోడకు చేరేశానని దస్తగిరి ఇందాకే చెప్పాడు. ఓబులేసు ఒక మేకును వేలితో కదిపాడు. అది కదిలింది. కన్నంలో ఇసుక అలాగే ఉంది. మేకు పూర్తిగా దిగలేదు.

"దస్తగిరీ!"

దస్తగిరి ఉలిక్కిపడి లేచాడు.

"ఇది చూడు." ఓబులేసు గొంతులో కోపం కన్నా బెదురే ఎక్కువగా ఉంది. "ఇట్లనే దించింటే నడుమాకాశంలో రెండు ముక్కలయ్యేది గదప్పా. నువ్వు జేసే పనేనా ఇది?"

దస్తగిరి మేకు వైపు చూశాడు. దాన్ని తాను పెట్టిన గుర్తే లేదు. "చూసినాననే అనుకున్యానన్నా," అన్నాడు.

"రేతిరి నిద్ర పోలేదా?"

"పోయినా. మగతగా పండుకున్యా. పొద్దెక్కేదాంక లేయలేదు." అతను మొహం రుద్దుకున్నాడు. "నిద్ర పోతాండానన్నా. అలుపు పోతాలేదు."

ఓబులేసు మేకు ఊడదీసి, పాత పళ్ళబ్రష్‌తో కన్నంలో ఇసుక తోమి, మళ్ళీ దిగేశాడు. స్ట్రెచర్‌లో పరిచిన పల్చటి బూడిదరంగు పరుపు వంక ఒకసారి చూశాడు. అది వచ్చినప్పటి నుంచే ఇదంతా అని అతనికి తెలుసు. తెలిసినా పైకి అనలేకపోయాడు. ఆ పరుపు వచ్చాక ఎర్రగొందిలోంచి ముగ్గురు ప్రాణాలతో పైకొచ్చారు మరి.

*

ఆ పరుపు కనిపెట్టింది డాక్టర్ సువర్చల. చదువు అయిన కొత్తలో ఆమె అంబులెన్సులో పనిచేసేది. ఎన్నోసార్లు ఇలాంటి లోయల అంచున నిలబడి, కిందనుంచి వచ్చే మనిషి కోసం కాచుకుంది. కట్టినప్పుడు మాట్లాడిన మనిషి, పైకి వచ్చేసరికి పోయేవాడు. దెబ్బ ఒక్కటే కాదు చంపేది. రక్తం పోయి, వెల్లకిలా కట్టుబడి గాలిలో ఊగుతుంటే ఒళ్ళు దారి తప్పుతుంది. ఊపిరి ఎప్పుడు తీయాలో, నాళాలు ఎంత బిగించాలో నరాలు మరిచిపోతాయి. ఇంకొంచెం సేపు వాటికి ఎవరైనా పాటకు వేసినట్టు తాళం వేసి చూపిస్తే చాలు, బతుకుతారు అని ఆమెకు అనిపించేది.

ఆ తాళం యంత్రంతో వేయించి చూసింది. ఒళ్ళు వినలేదు. చివరికి మనిషి ఒంటి తాళాన్నే మనిషికి అందించింది. పరుపులో, దానికి జోడుగా కుట్టిన చొక్కాలో నరాల కదలికను పట్టే ఒకే రకం పొర ఉంటుంది. రెండింటినీ తీగతో కలుపుతారు. చొక్కా తొడుక్కున్నవాడి మెడనరం ఊపిరికి ఎలా ఆజ్ఞ ఇస్తోందో పరుపు అలాగే రోగి మెడ దగ్గర పలుకుతుంది. దారి తప్పిన ఒళ్ళు దాన్ని పట్టుకుని నడుస్తుంది. అందుకే దానికి జోడు పరుపు అని పేరు పెట్టారు.

మొదటిసారి దస్తగిరి ఆ చొక్కా తొడుక్కుని దిగింది, ఫొటో కోసం వెనక్కి నడిచి జారిన ఒక కాలేజీ కుర్రాడి కోసం. కుర్రాడి పెదాలు అప్పటికే నీలంగా ఉన్నాయి. తీగ తగిలించగానే దస్తగిరికి నాభి దగ్గర్నుంచి చలి ఎక్కింది. కాళ్ళు తనవి కానట్టయింది. కుర్రాడి రొమ్ము లేచింది. ఇద్దరి ఊపిరీ ఒకటిగా నడుస్తుంటే, గోడను తన్నుకుంటూ తన్నుకుంటూ పైకి వచ్చాడు. పైన సువర్చల కుర్రాడి నాడి పట్టుకుంది. బతికున్నాడు.

"మీకెలా ఉంది?" అని అడిగింది తర్వాత.

"బరువెత్తినట్టుంది మేడం. అంతే," అన్నాడు దస్తగిరి.

ఆ తర్వాత ఒక తేనెపట్టుల మనిషి. ఆ తర్వాత ఒక బస్సు డ్రైవరు. ప్రతిసారీ అతను అదే మాట అన్నాడు. బరువెత్తిన మనిషి పడుకుంటే తేరుకుంటాడని అందరూ అనుకున్నారు.

*

దస్తగిరి భార్య ఖాసింబీ బజారువీధిలో పరుపులు కుడుతుంది. పక్కనే ఇల్లు. కూతురు రేష్మ ఇంటర్ చదువుతోంది. ఆ శుక్రవారం నమాజు చదివి వచ్చి దస్తగిరి మంచం మీద ఒరిగాడు. ఖాసింబీ సూది తీసుకోవడానికి కొట్టులోంచి లోపలికి వచ్చి, గడపలోనే నిలబడిపోయింది.

అతని ఊపిరి తేడాగా ఉంది. చిన్నగా రెండుసార్లు, ఆగి, ఎవరో లోపలినుంచి లాగినట్టు ఒక్కసారి పొడుగ్గా. మళ్ళీ చిన్నగా రెండు. ఇన్నేళ్ళు ఆ మనిషి పక్కన పడుకున్నది ఆమె. అతను గురక పెట్టే తీరు, పక్కకు తిరిగే తీరు కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఈ ఊపిరి అతనిది కాదు. కొత్త మనిషెవరో వచ్చి తన మంచం మీద పడుకున్నట్టు భయమేసింది.

"రేష్మా, ఇట్రా." కూతుర్ని పిలిచి చూపించింది. "నాయన ఊపిరి చూడు."

రేష్మ వంగి విన్నది. "ఏమైనాదిమా?"

"ఏమో. లేపు."

లేపారు. అతను కళ్ళు తెరిచి, చాలాసేపు పైకప్పు వంక చూశాడు. "యాడుండాం?" అన్నాడు.

"ఇంట్లోనే ఉండావు. యాడుంటావు మల్ల?"

"ఇంగా పైకి రాలేదనుకున్యా," అన్నాడు దస్తగిరి. అని, తానన్న మాట తనకే వినబడి సిగ్గుపడ్డట్టు లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాడు.

ఖాసింబీ వెంటనే కొట్టు మూసేసింది. చీర మార్చుకుని, భర్తను వెంటబెట్టుకుని, రక్షణ కేంద్రం పక్కనున్న సువర్చల ప్రయోగశాలకు నడిచింది.

*

సువర్చల అతణ్ణి పడుకోబెట్టి, మెడకూ రొమ్ముకూ పొరలు అంటించి, తెర మీద గీతలు చూసింది. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళజోడు తీసేసింది.

"ఇది ఆ డ్రైవర్ ఊపిరి," అంది నెమ్మదిగా. "ఆ రోజు స్ట్రెచర్ మీద నమోదైనది. అచ్చం అదే."

"ఆయన బాగైనాడు గదా మేడం? మొన్న స్వీట్లు తెచ్చిచ్చినాడు," అన్నాడు దస్తగిరి.

"ఆయన బాగయ్యాడు. ఆయన ఒళ్ళు దాన్ని వదిలేసింది. మీ ఒళ్ళు వదల్లేదు. తాళం మీ నుంచి వాళ్ళకు వెళుతుందనే అనుకున్నాను. అటు నుంచీ వస్తోంది. మెలకువలో మీరు మామూలుగానే ఉంటారు. కళ్ళు మూయగానే మీ నరాలు ఆ లోయలోకే వెళ్ళిపోతున్నాయి. మీరు నిద్రపోతున్నా మీ ఒళ్ళు తాడు మీదే వేలాడుతోంది, దెబ్బ తగిలిన మనిషి లాగా. అందుకే అలుపు తీరడం లేదు."

"ఎప్పటికి తీరుతాది?" అడిగింది ఖాసింబీ.

సువర్చల కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "తెలియదమ్మా," అంది. "ఇంకోసారి తొడుక్కుంటే మాత్రం మెలకువలో కూడా అలాగే అయిపోతారు. గుండె తట్టుకోదు. ఈ పని ఇంతటితో ఆపేస్తున్నాను. ఇంకా పది కేంద్రాలకు పంపమని పైనుంచి అడుగుతున్నారు. పంపను."

"మరి కిందబడినోళ్ళో?" అన్నాడు దస్తగిరి.

పరుపు రాకముందు ఎలా ఉండేదో ముగ్గురికీ తెలుసు. సువర్చల బల్ల మీది పొరలను ఒక్కొక్కటే తీసి పెట్టెలో పెట్టసాగింది.

ఖాసింబీ అప్పటిదాకా పళ్ళు బిగబట్టుకుని ఉంది. అప్పుడు బద్దలైంది.

"ఆ తాడును ఎంతమంది లాగుతారు డాక్టరమ్మా?"

"ఆరుగురు."

"స్ట్రెచర్‌కు పగ్గాలు ఎన్ని కడతారు? నాలుగు గదా? తాడు కట్టే రాయి గూడా ఒకటి సాలదని రెండు మూడు రాళ్ళకు కడతారంట. ఇనుపదానికి ఇంత జాగర్తగా ఉండారే, మనిషి ప్రాణం కాడికొచ్చేసరికి మొత్తం ఈయన ఒక్కని మీదనే ఏసినారా? ఈయనేమన్నా రాయా? మీరు సంపాలని జేసినారని అనడంలేదు. కానీ సగం బరువు రోజూ మా ఇంటికొస్తాంది. నా మంచం మీద పండుకుంటాంది. అదేందో నాకే తొడగండి. అంతో ఇంతో నేనూ మోస్తా."

దస్తగిరి భార్య చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె విదిలించుకుంది.

సువర్చల పెట్టెలో పెట్టిన పొరను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "పంచవచ్చు," అంది. "ఆ ఆలోచన నాకూ వచ్చింది. మొదట్లోనే వచ్చింది. ఎక్కువమందిని కలిపితే తాళాలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. అందుకే ఒక్కరితో సరిపెట్టాను. అదే సులువు కాబట్టి."

*

సులువు కాని దాన్ని వాళ్ళు మొదలుపెట్టారు.

ఓబులేసు తన జట్టును పిలిచి సంగతంతా దాచకుండా చెప్పాడు. ఇష్టమున్నవాళ్ళే తొడుక్కోండి అన్నాడు. నలుగురు ముందుకొచ్చారు. వెంకటరమణ అనేవాడు మాత్రం తల దించుకున్నాడు.

"నాకు చంటిబిడ్డ ఉండాదన్నా. దస్తగిరన్నను చూస్తాంటే భయమైతాంది. తాడు ఎంతసేపైనా లాగుతా. చొక్కా మాత్రం నాతోన కాదు."

"ఎవురూ నిన్నేమనర్లే," అన్నాడు ఓబులేసు.

అయిదో చొక్కా ఖాసింబీ తీసుకుంది. జట్టు మనిషి కాదని ఓబులేసు అడ్డం చెప్పబోయాడు. "దూదేకుల బిడ్డను. దూదిబేళ్ళు ఎత్తిన చేతులివి. తాడు లాగడం నేర్పియ్యి, నేర్చుకుంటా," అందామె. నేర్చుకుంది కూడా. రోజూ సాయంత్రం కొట్టు మూసి, రేష్మను వెంటబెట్టుకుని, కేంద్రం వెనక కట్టిన సాధన గోడ దగ్గరికి వచ్చేది. చేతులు బొబ్బలెక్కి, బొబ్బలు కాయలయ్యాయి.

మొదటి ప్రయోగం ప్రయోగశాలలోనే. అయిదుగురూ కుర్చీల్లో కూర్చున్నారు. సువర్చల పరుపు మీద తానే పడుకుంది. తీగలు కలపగానే అయిదుగురి ఊపిర్లూ అయిదు వైపులకు లాగాయి. ఇద్దరు వాంతి చేసుకున్నారు. ఖాసింబీ కళ్ళు తిరిగి కుర్చీలోంచి జారింది. సువర్చలకు ఊపిరాడక తీగ తనే లాగేసుకుంది. మర్నాడు మళ్ళీ చేశారు. అదే అయింది. ఆ తర్వాతా అదే. ఆమె లెక్కలు మార్చింది, పొరలు మార్చింది. ఏదీ కుదరలేదు.

కుదిరింది అనుకోకుండా. ఒక సాయంత్రం గోడ దగ్గర ఇసుక బస్తా కట్టిన స్ట్రెచర్‌ను లాగుతున్నప్పుడు, విప్పడానికి బద్ధకించి అందరూ చొక్కాలతోనే ఉన్నారు. సువర్చల పక్కన కూర్చుని తెర చూస్తోంది, ఊరికే. వరసలో ముందున్నవాడు "పట్టూ" అన్నప్పుడు అందరూ ఊపిరి పీలుస్తున్నారు. "లాగూ" అన్నప్పుడు అందరూ వదులుతున్నారు. తెర మీద అయిదు గీతలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడి, ఒక్క లావుపాటి గీత అయ్యాయి.

ఆమె లేచి నిలబడింది. "ఆపకండి," అని అరిచింది. "దయచేసి ఆపకండి. లాగుతూనే ఉండండి."

కుర్చీలో కూర్చున్న అయిదుగురు అయిదుగురే. ఒకే తాడు లాగుతున్నవాళ్ళ ఊపిరి ఒకటే.

ఆ రోజుల్లో దస్తగిరి దూరంగా కూర్చుని స్ట్రెచర్ల పని చూసుకునేవాడు. పట్టీలు నీడలో ఆరేసేవాడు. ఎండలో వేస్తే నైలాన్ పిప్పి అయిపోతుంది. చట్రం అతుకుల మీద వేలు పెట్టి పగులు ఉందేమో తడిమేవాడు. తాను చూసినదాన్ని ఓబులేసును మళ్ళీ చూడమనేవాడు, తన మీద తనకు నమ్మకం పోయింది కాబట్టి. మధ్యాహ్నం ఎక్కడ కూర్చుంటే అక్కడ కునుకు పట్టేది. లేచేసరికి కాళ్ళు మొద్దుబారి ఉండేవి, అంత పొడుగు గోడ ఇప్పుడే ఎక్కి వచ్చినట్టు.

*

ఆ పిలుపు ఒక పొద్దున వచ్చింది. పుల్లక్క అనే మేకలామె, యాభై దాటినది, పిల్లమేక కోసం ఎర్రగొందిలో దిగి జారింది. సగంలో ఒక రాతి అరుగు మీద పడి ఉంది. కదలడం లేదు. చెయ్యి మాత్రం ఆడుతోందని అంచున ఉన్న ఆమె అల్లుడు చెప్పాడు.

లోయ అంచుకు మోసుకొచ్చిన స్ట్రెచర్ రెండు సగాలను కలిపి, మేకులు దిగేసి, ఓబులేసు ఒక్కొక్కటీ కదిపి చూశాడు. దస్తగిరి మళ్ళీ కదిపి చూశాడు. నాలుగు పగ్గాలూ ఒక కొక్కేనికి చేర్చి, కొక్కెం మర బిగించారు. లాగే తాడు ఒకటి. అది తెగితే పట్టుకోవడానికి రక్షణ తాడు ఇంకొకటి. స్ట్రెచర్ పక్కన ఓబులేసు తానే దిగుతానన్నాడు. దిగేవాడికి చొక్కా వద్దని సువర్చల ముందే చెప్పింది, వాడి బుర్ర వాడి దగ్గరే ఉండాలి. రక్షణ తాడు దస్తగిరి చేతికిచ్చారు. అది నిలబడి చేసే పని, తాడును బ్రేకులోంచి కొద్దికొద్దిగా లాక్కుంటూ ఉండాలి. అంతకన్నా పెద్ద పని అతనికి ఇవ్వరని అతనికి తెలుసు.

ఓబులేసు కింద పుల్లక్కను కట్టాడు. నడుం పట్టీ, రొమ్ము పట్టీ, కాళ్ళ పట్టీ. మెడ దగ్గర పొర సరిచేశాడు. పైనున్న అయిదు చొక్కాల నుంచి తాడు వెంబడి వచ్చిన సన్నని తీగను పరుపుకు తగిలించాడు. "లాగండి!" అని కిందనుంచి కేక వేశాడు.

అయిదుగురూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు.

దస్తగిరి వాళ్ళ మొహాలు చూస్తున్నాడు. చలి ఎక్కడ మొదలవుతుందో అతనికి తెలుసు. పెదాలు ఎప్పుడు ఎండుతాయో తెలుసు. ఖాసింబీ తాడు మీద చేతులు బిగించి, ఎదురుగా ఎవరినో చూస్తున్నట్టు చూస్తోంది. ఆమె మొహం నుంచి రంగు జారిపోయింది. తీగ తీసేయమని అరవాలనిపించింది. నోరు తెరిచాడు గానీ అరవలేకపోయాడు. ఆ తీగకు అవతల ఒక మనిషి ఉంది.

వరసలో ముందున్న శేషయ్య "పట్టూ" అన్నాడు. అందరూ ఊపిరి పీల్చారు. "లాగూ." తాడు మూరెడు వచ్చింది. వెంకటరమణ చొక్కా లేకుండా చివరన నిలబడి, ఇద్దరి బలం తానొక్కడే పెట్టినట్టు లాగుతున్నాడు. పట్టూ. లాగూ. స్ట్రెచర్ గోడ వెంబడి లేస్తోంది. ఓబులేసు కాళ్ళతో తన్ని దాన్ని రాతికి ఎడంగా పెడుతున్నాడు.

సగం దూరం వచ్చాక శేషయ్య గొంతు పోయింది. "పట్..." అని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తాళం తప్పింది. ఒకరు పీలుస్తుంటే ఒకరు వదిలారు. తాడు ఆగిపోయింది. తాడును కొరికి పట్టే గిలక పళ్ళ వల్ల కిందికి జారలేదు గానీ, పైకీ రాలేదు.

కిందనుంచి ఓబులేసు కేక వచ్చింది. "ఊపిరి నిలిచిపోతాంది! ఏమైనాది పైన?"

పక్కనే రాయి మీద ఆరో చొక్కా ఉంది, అవసరానికని తెచ్చినది. దస్తగిరి దాని వంక చూశాడు. సువర్చల అతని చూపు పట్టుకుంది.

"వద్దు," అంది. "మీ లోపల ఉన్నది అందరిలోకీ వెళుతుంది. అందరూ పోతారు. కింద ఉన్న ఆమె కూడా."

దస్తగిరికి తన ఒళ్ళు తనకు పనికిరాకుండా పోయిన సంగతి అంత స్పష్టంగా ఎప్పుడూ తెలియలేదు. చేతులు రక్షణ తాడు మీద ఉన్నాయి, వదలడానికి లేదు. కాళ్ళు నిలబడటానికే సరిపోతున్నాయి. ఖాసింబీ తల వేలాడేసింది.

ఇంక అతని దగ్గర మిగిలింది గొంతు.

"పట్టూ..." అన్నాడు. గొంతు పగిలింది. ఎవరూ కదల్లేదు. ఈసారి ఇంకా నెమ్మదిగా, సాగదీసి, చంటిపిల్లను జోకొట్టే తీరున అన్నాడు. "పట్టూ... నా తల్లి, పట్టూ..."

ఖాసింబీ రొమ్ము లేచింది. ఆమె పక్కవాడిదీ లేచింది.

"లాగూ... మెల్లగా, లాగూ..."

"అంతే," అంది సువర్చల తెర మీంచి తల ఎత్తకుండా. "అంతే. తొందరపెట్టకండి. అలాగే."

అతను పిలిచాడు. అలిసిన మనిషికే తెలుస్తుంది అలిసినవాళ్ళను ఎంత లాగమనాలో. ఎక్కువ అడగలేదు. వాళ్ళ ఊపిరి చేరుకునేదాకా ఆగి, చేరుకున్నాక అడిగాడు. శేషయ్య లేచి తాడు పట్టుకున్నాడు. స్ట్రెచర్ కదిలింది. బెత్తెడు. ఇంకో బెత్తెడు. ఎంతసేపు పిలిచాడో దస్తగిరికి తెలియదు. లోయ అంచున వేసిన దొర్లుడు చక్రాల మీదికి ఇనుపచట్రం ఎక్కిన చప్పుడు విన్నాక కూడా పిలుస్తూనే ఉన్నాడు. వెంకటరమణ వచ్చి భుజం పట్టుకుని, "చాలన్నా, వచ్చేసినాది," అనేదాకా.

పుల్లక్క కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. సువర్చల ఆమె మెడ మీద వేళ్ళు పెట్టి, చాలాసేపు పెట్టి, నాడి కొట్టుకుంటోందని తల ఊపింది. తీగ ఊడదీసింది.

అయిదుగురూ ఎక్కడివాళ్ళు అక్కడే నేల మీద పడుకున్నారు. ఎవరూ సంతోషంతో కేక పెట్టలేదు. పుల్లక్క అల్లుడు దండం పెడుతూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాడు. వాళ్ళకు చేతులెత్తే ఓపిక లేదు. అంబులెన్సులోకి స్ట్రెచర్‌ను వెంకటరమణే ముందు పట్టుకుని ఎక్కించాడు. తిరిగొచ్చి దస్తగిరి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నేను తొడుక్కోలేదని..."

"తాడు లాగినావు గదప్పా," అన్నాడు దస్తగిరి. "ఊరుకో."

*

మూడు రోజులు సువర్చల అయిదుగుర్నీ ప్రయోగశాలలోనే ఉంచి, నిద్రలో వాళ్ళ ఊపిరి చూసింది. మొదటి రోజు అందరిలోనూ పుల్లక్క ఊపిరి కొద్దికొద్దిగా ఉంది. మూడో రోజుకు ఎవరి ఊపిరి వాళ్ళదయింది. పంచుకున్న బరువును ఒళ్ళు వదిలేసింది. పుల్లక్కకు తుంటి ఎముక విరిగింది, నడక ఆలస్యమవుతుంది గానీ బతుకుతుందని ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది.

దస్తగిరికి మాత్రం ఆమె దాచకుండా చెప్పింది. "మీది ఎప్పుడు పోతుందో ఇప్పటికీ చెప్పలేను. ఏళ్ళు పట్టవచ్చు. పోకపోనూ వచ్చు. అది నేను చేసిందే. ప్రతి నెలా చూస్తాను, చూస్తూనే ఉంటాను. ఇంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు."

"తెలుసు మేడం," అన్నాడు దస్తగిరి. ఆమె మీద కోపం తెచ్చుకోవాలంటే కూడా కొంత సత్తువ కావాలి. "తక్కిన కేంద్రాలకు పంపుతారా మరి?"

"ఒక్క చొక్కాతో పంపను. అయిదుంటేనే. లాగడం వచ్చినవాళ్ళుంటేనే. పిలిచేవాళ్ళు కూడా ఉండాలి. వాళ్ళకు మీరు నేర్పుతారా?"

"కూసోని జెప్పేదైతే చెప్తా," అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఖాసింబీని ఇంటికి తీసుకొచ్చాడు. బజారువీధిలో సత్తువ చాలక ఆమె రెండుచోట్ల అరుగుల మీద కూర్చుంది. అతనూ కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక రేష్మ అన్నం, పప్పు వడ్డించి పళ్ళెం తల్లి ముందు పెట్టింది. ఖాసింబీ చెయ్యి ఎత్తింది గానీ ముద్ద కలపలేకపోయింది. దస్తగిరి పళ్ళెం తన వైపు జరుపుకుని, కలిపి, ఒక ముద్ద ఆమె నోటి దగ్గర పెట్టాడు.

ఆమె తిన్నది. నమిలి, మింగి, అతని వంక చూసింది.

"ఆ యమ్మ," అంది, "ఆ గోడ మీద ఉన్నెప్పుడు, మేకపిల్ల కోసం ఎతుకుతానే ఉన్నింది. నొప్పి సంగతే లేదు. అంత భయంలోన గూడా ఆ మేకపిల్ల యాడికి పోయినాదో అని ఎతుకులాటే. నాకు తెలిసినాది. ఎట్ల తెలిసినాదో తెలీదు."

దస్తగిరి ఇంకో ముద్ద కలిపాడు.

"నీకూ తెలిసిందా అట్ల? ఆ పిల్లోడిది? ఆ డ్రైవర్‌ది?"

అతను తల ఊపాడు.

"ఒక్కరోజన్నా చెప్పలేదే."

"చెప్పేదానికి మాట యాడుండాది ఖాసిం? బరువెత్తినట్టుండాది అన్న్యా. అంతకంటే రాలేదు."

పళ్ళెం ఖాళీ అయ్యాక అతను చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె పక్కనే చాప మీద ఒరిగాడు. కాసేపటికి ఇద్దరి కళ్ళూ మూతపడ్డాయి. రేష్మ గడపలో కూర్చుని, చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి, తల్లి ఊపిరి విన్నది. అది తల్లిదే. తండ్రి ఊపిరి విన్నది. చిన్నగా రెండు, ఆగి, పొడుగ్గా ఒకటి.

ఆ పిల్ల లేచి వచ్చి తండ్రి తల దగ్గర కూర్చుంది. వీధిలో కూరలబండి అరుస్తూ పోయింది. అది దూరమయ్యేదాకా ఆగి, అతని చెవి దగ్గర వంగి, వినీవినబడకుండా, "పట్టూ నాయనా," అంది. "మెల్లగా."

ఒకసారికి అతని రొమ్ము సమంగా లేచింది. ఆ తర్వాత మళ్ళీ తప్పింది. రేష్మ కాళ్ళు ముడుచుకుని సర్దుకుని కూర్చుంది, మళ్ళీ మొదలుపెట్టింది.